వాగు గట్టున బావ సైకిల్

ఆదివారం, ఫిబ్రవరి 1964

అక్క మొగుడని ఊరుకుంటున్నాను కానీ, బావకు సిగ్గన్నది లేదు. వాగు గట్టు మీద కొత్తగా బండలు పరిచిన బాట చూపిస్తానని ఈ సాయంత్రం మమ్మల్ని బయల్దేరదీశాడు. తను మాత్రం కొత్త సైకిలెక్కి గంట కొట్టుకుంటూ ముందు పోయాడు. ఆరో నెల కడుపుతో అక్క, అటుకుల డబ్బా పట్టుకుని నేను, వెనక నడిచాం. పసుపు దళారీ సైకిలెక్కితే దొరైపోతాడా?

సగం దూరంలో అక్క కళ్లు తిరిగి కూలబడింది. నేను కేకేస్తే బావ వెనక్కి తిరిగొచ్చాడు.

"బావా, అక్కను క్యారియర్ మీద కూసోబెట్టు," అన్నాను.

"పెండ్లాన్ని ఎనుక కూసోబెట్టుకొని తొక్కితే మార్కెట్ల నవ్వరా? జరసేపు కూసుంటె తక్కువైతది," అన్నాడు, ప్యాంటు దుమ్ము దులుపుకుంటూ.

సైకిల్ లాక్కున్నాను. అక్కను ఎక్కించి, హ్యాండిల్ పట్టుకుని నడిపించాను. ఆ మహానుభావుడు డబ్బా మోసుకుంటూ, మేమెవరమో తెలియనట్టు వెనక వచ్చాడు. అక్కావాళ్ల వీధి మలుపులో మాత్రం గబగబా వచ్చి నా చేతిలోంచి హ్యాండిల్ తీసుకున్నాడు.

వాకిట్లో వాళ్లమ్మ కంగారుపడింది.

"ఏం కాలేదమ్మా, జర కండ్లు తిరిగినయ్. నేనే సైకిల్ మీద తోలుకొచ్చిన," అన్నాడు.

ఛీ! అక్కైనా నోరు విప్పుతుందనుకున్నాను. "అవునత్తమ్మా," అంది, నావైపు చూడకుండా.

ఎల్లుండి నేను మా ఊరు అంకాపూర్ వెళ్లిపోవాలి. మళ్లీ ఇట్లా అయితే ఎవరిని పిలుస్తావని ఇందాక అక్కను అడిగాను.

"ఆయనున్నడు గదనే," అంది.