ఉత్తరం అంచు

ప్రియమైన అన్నయ్యకి,

గని నుంచి నువ్వు పంపిన రాళ్ళు అందాయి. అంది నా కొంప ముంచాయి. రాగితో పాటే పుట్టిన గింజలు వాటిలో ఉంటాయి. ఆ గింజల్లోని యురేనియం మెల్లగా సీసంగా మారుతూ ఉంటుంది. ఎంత మారిందో కొలిస్తే రాగి వయసు తెలుస్తుంది. తీరా కొలిస్తే చుట్టూ ఉన్న రాయి కంటే లోపలి రాగే పెద్దదట! తల్లి కంటే బిడ్డ పెద్దదన్నమాట. మా ల్యాబు మేడమ్ నన్నొక చూపు చూసింది, చెప్పుకోలేను. బయటి సీసం ఎక్కడో అంటుకుంది. పొట్లాలు కట్టేముందు చేతులు కడుక్కున్నావా, మహానుభావా? మళ్ళీ పంపు, శుభ్రంగా.

వదిననీ పాపనీ అడిగానని చెప్పు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

కొత్త చేతి తొడుగులు వేసుకునే కట్టాను, ఒట్టు. మా కొలిమి గదిలో ఫ్యాను చెడిపోయి ఆరు నెలలైంది, కళ్ళు మండిపోతున్నాయి. అయినా జాగ్రత్తగానే కట్టాను.

నీకొకటి చెప్పాలి. వదినకి చెప్పకు. మొన్న పాపని బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరి, మూడో మలుపు దగ్గర ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాను. రోజూ వెళ్ళే దారే. నేను వెళ్ళేసరికి పాప గేటు దగ్గర ఒక్కతే ఏడుస్తోంది. కడుపునొప్పి, చేతుల వణుకు కూడా ఉన్నాయి. భయం వల్లే అనుకుంటున్నాను. నాన్నకీ ఇలాగే మొదలైంది, గుర్తుందా? యాభయ్యో ఏట నన్ను చూసి "మీరెవరండీ" అన్నాడు. నాకిప్పుడు నలభై ఏడు. నాన్న ఉద్యోగంతో పాటు నాన్న జబ్బూ నాకే రాసిపెట్టి ఉందేమో. చాలా భయంగా ఉంది పిచ్చుకా.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కాలూ చెయ్యీ ఆడలేదు. నాదీ నాన్న రక్తమే కదా. నిన్న తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తురాక గుమ్మంలో కూలబడి ఏడ్చాను. చేతిలోనే ఉంది. నవ్వుకో. కానీ డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళు, రేపు మాపు అనకు. రాళ్ళ సంగతి నువ్వు పట్టించుకోకు, గనిలో రాయి తొలిచే డ్రిల్లరు చేత కట్టించు.

నీ పిచ్చుక

*

ప్రియమైన చెల్లికి,

ఎన్నాళ్ళైందో నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కోపమా?

నీకొకటి చెప్పాలి. వదినకి చెప్పకు. మొన్న పాపని బడి నుంచి తీసుకురావడానికి బయల్దేరి, మూడో మలుపు దగ్గర నిలబడిపోయాను. రోజూ వెళ్ళే దారే.

రాళ్ళు డ్రిల్లరు పంపాడట. నేనే పంపమన్నానంటున్నాడు. నాకైతే గుర్తు లేదు.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం పాతదాని పక్కన పెట్టి చదివాను. చెప్పిందే చెప్పావు. నా ముద్దుపేరూ మర్చిపోయావు. అయినా ముందు ఇది విను.

డ్రిల్లరు కట్టిన రాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రాగి వయసు ఆరు కోట్ల ఏళ్ళు, తల్లి కంటే బిడ్డ చిన్నదే. సీసం నువ్వు కట్టిన పొట్లాల్లోనే ఉంది. రాళ్ళలో రాగితో పాటు బంగారం ఎంతుందో తేల్చడానికి కొలిమిలో నువ్వు కలిపి కరిగించే సీసం పొడి అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు ఇంట్లో కూర్చుని రాసిన ఉత్తరం అంచు కత్తిరించి పరీక్షించాను. సీసంలో బరువు తేడా ఉన్న రకాలు, ఐసోటోపులు, నాలుగుంటాయి. ఏ చోటి సీసంలో వాటి పాళ్ళు ఆ చోటివే. పొట్లం మీదా, ఉత్తరం మీదా ఒకటే సీసం. మీ రాళ్ళలోది మాత్రం కాదు.

ఇంటిదాకా వచ్చిన సీసం నీ ఒంట్లోకి రాకుండా ఉంటుందా? అద్దంలో చిగుళ్ళ అంచు చూసుకో, నీలం గీత ఉందేమో. ఇవాళే రక్తపరీక్ష చేయించుకో. నువ్వు మర్చిపోతావు, అందుకే కవరు మీద వదిన పేరు రాస్తున్నాను. వదినా, నువ్వూ పాపా కూడా చేయించుకోండి.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

చూశావా, పేరు గుర్తుంది.

గీత ఉంది. వదిన నా పెదవి ఎత్తి చూసి పెద్దగా అరిచింది. రక్తంలో సీసం ఉండకూడనంత ఉందట. మందులు ఎక్కిస్తున్నారు. వదినకి ఫర్వాలేదు. పాపకి కొంచెం ఉంది, నేను పనిబట్టలు ఇంటికి తెచ్చినందుకు. అది తలుచుకుంటే అన్నం సయించట్లేదు. పోయిన జ్ఞాపకం ఎంత తిరిగొస్తుందో డాక్టరు మాటివ్వలేదు. కానీ ఇది సీసం పనే, వంశంలో వచ్చింది కాదన్నాడు. నువ్వు భయపడకు. కొలిమి గదికి తాళం వేశారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఒకటే ఆలోచన. నాన్న ఆ కొలిమి దగ్గరే పాతికేళ్ళు పనిచేశాడు. ఆయన రక్తం ఎవరూ పరీక్షించలేదు. మతి పోయిందన్నారు, మనమూ సరే అనుకున్నాం. "మీరెవరండీ" అన్నందుకు అలిగి నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. ఆ తర్వాత మాట్లాడదామంటే ఆయన లేడు.

నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు నాన్న నీకొక ఉత్తరం రాశాడు. "పిచ్చుకా, తిన్నావా" అని నాలుగుసార్లు రాసి ఉంది, ఇంకేమీ లేదు. చూస్తే బెంబేలెత్తిపోతావని ఇన్నేళ్ళూ దాచాను. ఇందులో పెట్టి పంపుతున్నాను. అంచు కత్తిరించి పరీక్షించు.

అక్షరాలు తెగకుండా చూసుకో.

అన్నయ్య