పెద్దమ్మ పన్నెండు తీగలు

బ్యోంగ్‌చోల్,

మీ పెద్దమ్మ చేత గయాగుమ్ వాయిద్యం తీగలు పన్నెండూ ఒక్కొక్కటే మీటించి రికార్డు చేసుకున్న రోజు ఆమె వేలు చిట్లింది. "ఇంకొక్కసారి, పెద్దమ్మా" అన్నావే గాని, గుక్కెడు బార్లీ టీ ఇవ్వలేదు. ఇన్నేళ్లయినా నేనది మరిచిపోలేదు.

పూర్తి పాటను ఆమె ఎవరినీ రికార్డు చేయనివ్వలేదు. వినాలంటే ఎదురుగా వచ్చి కూర్చోమనేది. ఇప్పుడు ఆమె లేదు, నీ కంప్యూటర్లో ఆ తీగల మోతే మిగిలింది. ఏటా తద్దినం నాడు నేనడిగిన పాటను నువ్వు ఆ మోతతో కీబోర్డు మీద వాయిస్తే, నేను పక్కన డోలు కొట్టేవాణ్ణి. ఆమె మాట మీద దాన్నీ నేను రికార్డు చేయనివ్వలేదు.

మొన్న ఫోన్లో ఏమన్నావు? "స్టూడియో మొత్తం అరవైనాలుగు బిట్లకు మార్చేశాం, పెద్దనాన్నా. పెద్దమ్మ తీగల మోతతో కంప్యూటర్లో కట్టిన వాయిద్యం ముప్పైరెండు బిట్ల కాలంలో చేసింది, కొత్త ప్రోగ్రాంలో తెరుచుకోదు. కంప్యూటర్లోకి వేరే గయాగుమ్ మోత కొన్నాలే, అచ్చం అలాగే మోగుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

నాకు తెలుస్తుందిరా! ఏడో తీగను ఆమె పిసరంత ఆలస్యంగా వదిలేది, నీ రికార్డులోనూ అలాగే వదిలింది. పెళ్లయిన నాటి నుంచీ నా దెబ్బ ఆ సందులోనే పడింది.

పాత కంప్యూటర్ ఉంటే మారుమాట్లాడకుండా తెచ్చి మా ఇంట్లో పెట్టు. పారేస్తే పారేశానని రాయి. తద్దినం పన్నెండున. డోలుకు కొత్త తోలు బిగించాలో, అటకెక్కించాలో నాకు పదో తేదీలోగా తెలియాలి.

మీ పెద్దనాన్న