గౌరికి సూదిమందు దొరికింది

మంగళవారం, రాత్రి

ఈరోజు పక్కింటి ఐదేళ్ళ గౌరిని కుక్క కరిచింది. పిక్కలో రెండు పళ్ళు దిగాయి. వాళ్ళ మామ్మ గాయంలో కూరడానికి కారం డబ్బా పట్టుకొచ్చింది. నేను డబ్బా లాక్కుని, పిల్లని కుళాయి కింద నిలబెట్టి సబ్బుతో కడిగాను. వెంటనే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. నా కొడుకు శ్రీనుని కుక్క కరిచిననాడు ఆసుపత్రిలో సూదిమందు లేదు. రేపు రండి, రేపు రండి అన్నారు. వాడు పోయాడు.

ఈసారి ఉంది! మా ఊళ్ళో పనిచేసే స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చే సరోజ రోజూ పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి, కుక్క సూదిమందు ఉందో లేదో కనుక్కుని, మా పాలకేంద్రం గోడ మీద సుద్దతో రాస్తుంది. మందు లేదన్నారంటే, వచ్చేదాకా పై అధికారుల్ని వదలదు.

"ఆ గోడకి జడిసి మా డాక్టరుగారు ముందే తెప్పిస్తన్నారు" అని నర్సమ్మ నవ్వింది.

సూది చూడగానే గౌరి గోల. "కరిసింది కుక్క కదేటి! దానికెయ్యండి, నాకెందుకూ?"

అందరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం. శ్రీను పోయాక నేనంతగా నవ్వడం ఇదే.

శుక్రవారం రెండో సూది. సంస్థ పని వేసవితో ఆగిపోతుందట. ఆ తర్వాత అడిగేదెవరని సాయంత్రం సరోజతోనే అన్నాను.

"నువ్వడుగు పిన్నీ. ఫోనెత్తకపోతే ఎల్లి గుమ్మంలో కూకో" అంది సరోజ.

ఆసుపత్రి నంబరు తీసుకున్నాను. రేపటి ఫోను నాదే. "అమ్మా, శుక్రవారానికి సూదిమందు ఉన్నాదా?" అని ఇందాక పైకే అనుకుని చూసుకుంటుంటే, మంచం మీంచి మా ఆయన, "ఎవులితో మాటాడతన్నావే?" అన్నాడు.

"ఆసుపత్రితో" అన్నాను.