దరుమకు రెండో కన్ను

జూన్ 12
మూల గదిలో ఉండే జపాన్ పెద్దావిడ ఈరోజు ఖాళీ చేసి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా ఈ హోటల్లో పక్కలు పరుస్తున్నాను. నా పేరు అడిగింది ఆమె ఒక్కతే. పలకడం రాక నవ్వేసింది. పోతూ పోతూ పిడికెడంత ఎర్ర బొమ్మ చేతిలో పెట్టింది. దరుమ అట. మీసాలు, గడ్డం, కోపం మొహం. కళ్ళ చోట రెండు తెల్లటి గుండ్రాలు, నల్లగుడ్లు లేవు. చేతుల్లేవు. కాళ్ళూ లేవు.

ఆమె తన భాషలో మాట్లాడితే ఫోను తెలుగులో చెప్పింది, వార్తలు చదివినట్టు. కోరిక కోరుకుని ఒక కన్ను వేయాలి. తీరాక రెండోది. పడేసినా లేస్తుంది... తోసి చూపించింది. లేచింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె సంతోషమనుకుంది.

గోడౌన్ నిచ్చెన మీంచి పడి, ఏడాదిగా లేవని మొగుడు నాకున్నాడని ఆమెకేం తెలుసు. ఇవ్వడానికి కాళ్ళు లేని బొమ్మే దొరికిందా!

జూన్ 13
కన్ను వేశాను. బొమ్మ ఎడమ కన్ను, ఆమె చెప్పినట్టే. నల్ల మార్కర్‌తో. ఆయన నిలబడాలి — అంతే కోరాను. పరుగెత్తాలని కోరలేదు. దేవుడి గూట్లో పెట్టాను.
"ఏందది?" అన్నాడు మంచం మీంచి.
"బొమ్మ."
గోడవైపు తిరిగాడు.

జూన్ 20
బుద్వేల్ నుంచి ఫిజియో డాక్టరమ్మ వచ్చి చూసింది. నడుములో బలం వచ్చిందట, వాకర్ పట్టుకుంటే నిలబడగలడట. మనసే లేదట. ఆ మాట చెప్పడానికి డాక్టరమ్మ కావాలా.
వాకర్ మంచం పక్కనే ఉంటుంది. దాని మీద ఆయన తువ్వాలు, నా జాకెట్లు ఆరేస్తాం.
"జర పట్టుకో" అంటే — "పట్టుకుంటే ఏమైతది? మళ్ల పడుడే కద."

జూన్ 21
పడితే పడతావు. లోకంలో పడనివాడెవడు.
పైకి అనలేదు.

జూలై 2
రిసెప్షన్ పిల్ల ఫోన్లో వెతికి చదివి చెప్పింది. దరుమ అంటే ఇటు దక్షిణాది నుంచి పోయిన సన్యాసి అంటారట. తొమ్మిదేళ్ళు గోడకెదురుగా కూర్చుని జపం చేస్తే కాళ్ళూ చేతులూ ఊడిపోయాయట. ఎరుపు రంగేమో మశూచి రాకుండా. కోరిక తీరిన బొమ్మను ఏడాది చివర గుడికిచ్చి కాల్చేస్తారట, దండం పెట్టి.

మా ఇంట్లోనూ ఒకాయన గోడకే తిరిగి ఉన్నాడు. ఆయనకు గుడి ఎవరు కడతారు? ఒళ్ళు తుడిచి అన్నం పెట్టేదాని బొమ్మ అసలే చెయ్యరు.

మశూచి సంగతి అత్తమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. "గట్లనా! అయితె మశూచి ఆపే మన పోచమ్మే కదనే!"

జూలై 3
దరుమకు పసుపు, కుంకుమ బొట్టు. గడ్డమున్న పోచమ్మ. కొడుకు కోసం పహాడీ షరీఫ్ దర్గా గుట్టెక్కి తాయెత్తు తెచ్చిన మనిషి, ఆమెను ఏమనగలను.

జూలై 27
పోచమ్మ బోనాలు. సెలవివ్వలేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి బొమ్మకు రెండు కళ్ళు! రెండోది కాటుకతో, అత్తమ్మ పని.
"ఒక్క కన్నుతోటి తల్లి ఎట్ల సూస్తది బిడ్డా? సగం దిద్ది ఇడిసిపెడితె అరిష్టం. బోనం ముంగట వెట్టి, మొక్కి దిద్దిన."
మన దగ్గర కళ్ళు దిద్దితేనే దేవతకు చూపు. వాళ్ళ దగ్గర రెండో కన్ను దిద్దితే పని అయిపోయినట్టు. ఇదంతా చెప్పే ఓపిక ఎక్కడిది... అరిచాను.
"నీ కొడుకు లేసిండా? లేసిండా చెప్పు!"
అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మంచం మీది మనిషి అంతా విన్నాడు.

జూలై 28
తడిగుడ్డతో తుడిచాను. కాటుక పోలేదు, పాకింది. ఎవరో కొడితే కమిలిన కన్నులా ఉంది. అత్తమ్మ అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు.

జూలై 30
ఆయనే మాట కలిపాడు. బొమ్మ సంగతంతా ఆయనకు ఓసారి చెప్పి ఉన్నాను, గోడవైపు తిరిగే విన్నాడు.
"రెండు కండ్లు పడ్డయ్ కద. మొక్కు తీరినట్టే. ఇగ కాలవెట్టు దాన్ని."
"నువ్వు లేవకుంట ఎట్ల తీరినట్టు?"
"ఇగ గింతే అని ఎరుకైంది కద. గదే తీరుడు."
కోపంతో పొయ్యి దాకా తీసుకెళ్ళాను. మంట కూడా వెలిగించాను. చెయ్యి రాలేదు. అదే మంట మీద చాయ్ పెట్టాను.

ఆగస్టు 4
సాయంత్రం వచ్చేసరికి బొమ్మ ఆయన పక్కన స్టూలు మీద ఉంది. వేలితో తోస్తున్నాడు. లేస్తోంది. మళ్ళీ తోస్తున్నాడు. ఒకసారి గట్టిగా కొట్టాడు — కిందపడి, గోడ దాకా దొర్లి, అక్కడ లేచి కూర్చుంది.
"కాళ్లే లేవు. దీనికి లేసుడు ఏం కష్టం" అన్నాడు.
నవ్వొచ్చింది నాకు. ఆయనకూ వచ్చింది. వెంటనే ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం, తప్పు చేసినట్టు.

ఆగస్టు 9
కాటుక నూనెతో పోతుందని అత్తమ్మకే తెలుసు. నాకు చెప్పకుండా దూదితో తుడిచేసింది. మరక కొంచెం మిగిలింది. దరుమ మళ్ళీ ఒంటికన్నువాడయ్యాడు. ఆమెకు ఇంకో గరిటె కూర వేశాను.

గూట్లో పెట్టబోతుంటే ఆయన — "గూట్లొద్దు. గా పై అరల వెట్టు."
"ఎందుకు?"
"వెట్టుమంటున్న కద. మార్కర్ సుత వెట్టు."
అత్తమ్మ ఊరుకోలేదు. "గంత పైకా? నీకేడ అందుతది కొడుకా?"
ఆయన గోడవైపు తిరిగాడు.

స్టూలెక్కి పెట్టాను. మంచం మీంచి అందదు. కూర్చున్నా అందదు. నిలబడితేనే. వాకర్ మీది తువ్వాలు, జాకెట్లు తీసి మడతపెట్టాను, ఎవరూ చెప్పకుండానే.
ఆయన చూశాడో లేదో తెలియదు.

మార్కర్ మూత గట్టిగా పెట్టానో లేదో ఇప్పుడు గుర్తు రావడం లేదు. ఎండిపోతే...