తొంభై సెకన్లు, ఒక చేతిసంచి

జనవరి 10, శుక్రవారం

ఈరోజు ఒక అన్యాయం జరిగింది. చేసింది మా పెద్దమ్మ జ్ఞానమ్మ.

మూడు రోజులు కూర్చుని రాసి, గోడౌన్ ప్రింటర్‌లో నలభై కాపీలు తీసిన నా కరపత్రం ‘విమాన ప్రయాణికుడా, నీ ఊపిరి నీదే!’ని ప్రార్థన అయ్యాక పంచిపెట్టమని ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ వాటిలో గారెలు పెట్టి పంచింది. మనిషికి రెండు గారెలు, కింద నా ఆశయాలు. అడిగితే, ఒరేయ్ నాన్నా, జనం చేతికెళ్లాలన్నావు గదా, ఎళ్లింది, నాకేసారు కూడాను, అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

నేను రాసింది తప్పా? విమానం నేలమీద ఉండగా నిప్పంటుకుంటే, దెబ్బ తగలనివాళ్లు కూడా పొగకే పోతారు. లోపల సిబ్బందికి పొగ ముసుగులు ఉంటాయి. టికెట్ కొన్నవాడికి ఉండవు. అందుకే ఎవరి స్మోక్ హుడ్ వాళ్లే తీసుకెళ్లాలి. ‘యూనిఫామ్‌కి ఒక ఊపిరి, కూలీకి ఒక ఊపిరా?’ అని ముగించాను. సరిగ్గా ఆ వాక్యం మీదే అల్లం చట్నీ పడింది.

ఇదంతా ఎవరికోసం? ఫిబ్రవరి 4న పెద్దమ్మ కువైట్ నుంచి ఊరెళ్లాలి. రూతుకి కాన్పు. కన్నకూతుర్ని చూసి ఆరేళ్లయింది.

జనవరి 12, ఆదివారం

సబ్హాన్‌లో మా గోడౌన్ అమ్మేవే ఇవి: ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, హెల్మెట్లు, పొగ ముసుగులు. స్టోర్ లెక్క చూసేవాణ్ని నేను. సేఫ్టీ ఇంజనీర్ వరప్రసాద్ సార్, హైదరాబాద్ మనిషి. ఏం జేమ్స్, నీ కరపత్రం మస్తు రుచిగుందంట గదా, అన్నారు. ఈ ఊళ్లో గారెల కంటే వార్తలే వేగంగా పంచుతారు.

వాదన పెట్టుకున్నాను. ఆయన వాదించలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి, పెట్టు చూద్దాం, అన్నారు. డబ్బా మూత, లోపల కవరు, కవరు చింపడం, బెల్టు. ముప్పై ఎనిమిది సెకన్లు. తొంభై సెకన్లల్ల విమానమంతా ఖాళీ గావాలె, సగం తలుపులతోనే, అట్ల పరీక్ష వెట్టినంకనే దాన్ని ఎగరనిస్తరు, నువ్వు నడవల నిలబడి ముసుగు సదురుకుంటే నీ ఎనకున్నోడు ఏం గావాలె, అన్నారు. ఆక్సిజన్ సిలిండర్ ఉన్నవి విమానంలోకి రానివ్వరనీ, ఫిల్టర్ రకమైతే ముందే ఎయిర్‌లైన్‌ని అడగాలనీ కూడా చెప్పారు.

ప్రాక్టీస్ చేస్తే తగ్గుతుంది, అన్నాను. అరిచాననుకుంటా.

జనవరి 13

పదహారు సెకన్లు.

జనవరి 17, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

జాబ్రియాలో పెద్దమ్మ పనిచేసే ఇంటికి వెళ్లాను. హుడ్, టార్చ్, విజిల్, చేతి తొడుగులు, లైఫ్ జాకెట్, అన్నీ మోసుకెళ్లాను. లైఫ్ జాకెట్ చూసి, ఇదెందుకురా, రాజోలు కాలవలో దిగుద్దా ఇమానం, అంది. విజిల్ ఊది, మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వస్తోందని నాలుక కరుచుకుంది. ఆవిడ నవ్వుతుంటే నేనూ నవ్వాను.

తర్వాత ఆవిడకి హుడ్ తొడిగాను. నాలుగైదు సెకన్లు బాగానే ఉంది. అంతలో లోపలినుంచి కేక. గోళ్లతో పీకేసుకుంది. వంటగది నేలమీద కూలబడి, నేనెళ్లను, నాకు జొరవొచ్చిందని రూతుకి చెప్పు, టిక్కెట్టు తీసేయించు, అంది.

దీనివెనక ఎవరున్నారో నాకు అర్థమైపోయింది. మామా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆరేళ్లు మనిషిని కట్టిపడేశారు, హరామ్, అని నాకొచ్చిన అరబ్బీ అంతా ఆవిడమీద కుమ్మరించాను. మామా కోప్పడలేదు. లోపలికెళ్లి ఫోన్ తెచ్చి చూపించింది. 2021లో ఒక టికెట్, 2023లో ఒకటి. రెండూ ఆవిడే తీసింది. రెండూ క్యాన్సిల్ అయ్యాయి. చేయించింది జ్ఞానమ్మే, ప్రతిసారీ ప్రయాణం ముందురోజు జ్వరం వస్తుంది, అంది. ఈసారైనా వెళ్లేలా చూడు, అని నాకే చెప్పింది.

పెద్దమ్మ నావైపు చూడలేదు. ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

జనవరి 18

మామాకి సారీ అని మెసేజ్ పెట్టాను. జవాబుగా ఒక బొటనవేలు వచ్చింది.

జనవరి 24, శుక్రవారం

ఫింటాస్‌లో షైని అక్క గది. షైని అక్క నర్సు. మాకు చుట్టం కాదు, అంతకంటే ఎక్కువ. పెద్దమ్మ చేపల పులుసు పెడుతూ, మావైపు తిరక్కుండానే మొత్తం చెప్పింది.

ఆరేళ్ల క్రితం జాబ్రియా ఇంటికి కొత్తగా విమానంలో వస్తున్నప్పటి మాట. అంతకుముందు పనిచేసిన ఇంటివాళ్లు నాలుగేళ్లు పాస్‌పోర్ట్ బీరువాలో పెట్టి తాళం వేశారు. పొయ్యినోడి మొహంలా ఉంది నా ఫోటో, అయినా ఎంత ముద్దొచ్చిందో, అంది. అలాంటిది మొదటిసారి తన సంచిలో ఉంది. పక్క సీట్లో నూర్ బీ, రాయచోటి మనిషి. దారంతా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్నారు.

విమానం దిగింది. ఆగేలోపే వెనకనుంచి పొగ. సంచులు వదిలెయ్యండి అని సిబ్బంది అరుస్తున్నారు. ఎలా వదిలేత్తాన్రా, నా బతుకంతా అందులో ఉంటే, అంది పెద్దమ్మ. పైఅరలోంచి లాగింది. పట్టీ ఎక్కడో ఇరుక్కుంది. లాగుతూనే ఉంది. వెనక నూర్ బీ నిలబడి ఉంది. నన్ను తోసేసి పోవచ్చు గదా, తొయ్యలేదురా, అక్కా యల్లా, పదక్కా యల్లా అంటా ఆ పొగలోనే నిలబడింది, అంది.

జారుడు బల్ల మీదనుంచి కిందపడ్డాక నూర్ బీకి ఊపిరి ఆడలేదు. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే పెద్దమ్మని చేత్తో పిలిచింది. నీ పాస్‌పోర్ట్ ఉండాదా అక్కా, అని అడిగింది. ఆవిడది లోపలే కాలిపోయింది.

నూర్ బీ బతికింది. ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకుంది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. పండక్కి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

ఒక్క మాట తిట్టలేదురా. తిట్టుంటే ఈపాటికి రెండుసార్లు ఎళ్లొచ్చేదాన్ని, అంది పెద్దమ్మ.

పులుసు మాడింది. ముగ్గురం తిన్నాం.

జనవరి 26, ఆదివారం

నా దగ్గరున్న కరపత్రాలన్నీ తీశాను. విమాన భద్రతమీద పదకొండున్నాయి. అన్నిటిలోనూ ఉంది: ‘మీ సామాను వదిలెయ్యండి.’ ఎలా వదలాలో ఒక్కడూ రాయలేదు. రాసినవాడికి పాస్‌పోర్ట్ పోతే ఇంకోటి వస్తుంది. పెద్దమ్మకి అది పోతే, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు పోతే, తను ఎవరో తనే రుజువు చేసుకోవాలి. చేతిసంచి వదలనివాళ్లని అత్యాశపరులని నేనూ రాశాను. నలభై కాపీలు.

ఆ కోపం తీర్చుకోవడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు.

వరప్రసాద్ సార్‌తో చెప్పాను. అయితే ఆమెకు గావాల్సింది ముసుగు గాదు జేమ్స్, ఖాళీ చేతులు, అన్నారు.

స్మోక్ హుడ్ తప్పని నేను ఒప్పుకోను. ఇరవైసార్లు తొడిగి చూసుకున్నవాడు, సీట్లో కూర్చునే తొడుక్కోగలిగినవాడు తీసుకెళ్లాలి. కానీ నడవ ఆగిపోతే పదహారు సెకన్లకి అర్థం లేదు.

జనవరి 31, శుక్రవారం

షైని అక్క గదిలోనే. పెద్దమ్మ పాత నూలు లంగా చింపి పాస్‌పోర్ట్ కొలతకి సంచి కుట్టుకుంది. నడుముకి కట్టుకునేది, జాకెట్టు కిందకి వచ్చేది. పాస్‌పోర్ట్, ఇఖామా, రూతు ఫోటో. మెడలో వేసుకుంటే ఎక్కడైనా తగులుకుంటుందని నడుముకే ఖాయం చేశాం. నైలాన్ చీర వద్దు, నూలుది. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. పొగలో వంగి ఎలా నడవాలో షైని అక్క చూపించింది.

తర్వాత కుర్చీలు వరసగా వేశాం. నేను సిబ్బందిని. సంచులు వదిలెయ్యండి, అని అరిచాను. మొదటిసారి పెద్దమ్మ లేచి తిన్నగా సంచి దగ్గరికే వెళ్లింది. రెండోసారీ అంతే. సిబ్బంది అంత ముద్దుగా అరవరురా, గట్టిగా తిట్టు, అంది. నేను పెద్దమ్మని తిట్టలేను. షైని అక్క తిట్టింది. ఐదోసారికి నడుము తడుముకుంది, సంచివైపు చూసింది, చూసి, తలుపు దాటి మెట్లమీదకి వెళ్లిపోయింది.

ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది. ఏంటి పెద్దమ్మా, అంటే, ఇంతేనేంట్రా, అంది. ఇంతేనా.

ఫిబ్రవరి 4, మంగళవారం

పొద్దున్న ఎనిమిదింటికి మామా తనే కారులో ఎయిర్‌పోర్ట్ దగ్గర దింపింది. జ్వరం ఉందేమోనని నేను పెద్దమ్మ నుదుటిమీద చెయ్యి పెట్టబోతే చెయ్యి తోసేసింది. మామా మాత్రం పెట్టి చూసింది. లేదు.

లోపలికెళ్లే ముందు నా చొక్కా గుండీ సర్ది, నీ ముసుగు ఇంకో మంచి కుర్రోడికియ్యి, అమ్మాయికైతే ఇంకా మంచిది, అంది. వెనక్కి తిరిగి చూడలేదు.

పదకొండు ఇరవైకి విమానం బయల్దేరింది. నేను పార్కింగ్‌లోనే ఉన్నాను. సబ్హాన్‌కి లేటుగా వెళ్లాను.

ఫిబ్రవరి 5

వాయిస్ మెసేజ్. ఆరు నిమిషాలు. వెనక కోళ్లు, రూతు నవ్వు.

సీటునుంచి తలుపుదాకా తొమ్మిది వరసలు, ఎక్కగానే లెక్కపెట్టిందట. పక్క సీటు పిల్ల అమలాపురందట, సంచి ఒళ్లోంచి దించలేదట. పెద్దమ్మ చీర కాస్త పక్కకి జరిపి నడుము చూపించిందట. విమానం దిగేలోపు ఏడుగురు ఆడవాళ్లు ఆ సంచి కొలత తీసుకున్నారట. వాళ్ల అక్కాచెల్లెళ్లంతా కువైట్‌లోనే ఉన్నారురా, నువ్వే నేర్పాలి, నాకు మాటిచ్చేసావనుకో, అంది.

నాకు కుట్టడం రాదు.

ఫిబ్రవరి 6, గురువారం

కొత్త కరపత్రంలో ఇంతే రాశాను. ఇంకేమీ చేర్చను.

రేపు శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు, ఫింటాస్‌లో షైని అక్క గది. సూది, దారం, పాత నూలు గుడ్డ తెచ్చుకోండి. చేతిసంచి కూడా తెచ్చుకోండి, వదిలి వెళ్లడం నేర్చుకుందాం.