జిప్పు మీరే బాగుచేసుకోండి

అక్కా,

నువ్వు కుట్టే సంచులు ఇంకాస్త అమ్ముడుపోవాలంటే నేను చేరిన ఆ బ్లాగులు రాసే క్లాసుకి డబ్బు కట్టొచ్చా అని అడిగావు కదా. కొట్లో ఖాళీగానే ఉన్నా, అందుకే వెంటనే టైప్ చేస్తున్నా.

క్లాసు మోసం కాదక్కా, ఒట్టు. ఏమీ రానివాడికి కూడా విడమరిచి చెప్తారు. "జనం ఫోన్లో ఏం వెతుకుతారో అదే రాయండి, మీరే పైన కనిపిస్తారు" అన్నారు మాస్టారు. జిప్పులు బాగుచేసేవాణ్ణి కదా, నాకు తెలిసిందంతా రాసేశా. వదులైన రన్నర్ని పటకారుతో ఎంత నొక్కాలో, బిగుసుకుపోతే కొవ్వొత్తి ఎక్కడ రుద్దాలో, ఫోటోలతో సహా. ఇప్పుడు జిప్పు పాడైందని వెతికితే ముందు నేనే వస్తున్నా. వేలమంది చదువుతున్నారు. కొట్లో మాత్రం ఈగ కూడా వాలట్లేదు. నా పొట్ట నేనే కొట్టుకున్నానక్కా.

నిన్న ఒకావిడ బ్యాగు పట్టుకుని వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. "మీరు రాసినట్టే చేశానండీ, సరిగ్గా ఉందా?" అని జిప్పు అటూ ఇటూ లాగి చూపించింది. "భేషుగ్గా ఉందమ్మా" అన్నా. ఇంకేమనను?

నువ్వు నిక్షేపంగా చేరు. సంచి ఫోటో ఎంతసేపు చూసినా చివరికి కొనుక్కోవాల్సిందే. ఎలా కుట్టాలో మాత్రం ఒక్క ముక్క రాయకు.

నెలాఖరుకి కొట్టు ఖాళీ చేస్తున్నా. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నీ సంచులకి జిప్పులు వేసే మనిషి కావాలంటే నన్ను పిలువక్కా. బావగారికి మాత్రం నేను అడిగానని చెప్పకు, నువ్వే రమ్మన్నావని చెప్పు.

నీ తమ్ముడు