నాలుగో నంబరు కాలరు

లాలాగూడ, సికింద్రాబాద్
ఏప్రిల్ 17

చిరంజీవి సృజనకు నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మ, నేను బాగున్నాం. హన్మకొండలో నువ్వు, అల్లుడు కూడా బాగున్నారనుకుంటాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. అమ్మ మోకాలు నయమే. మెట్లు దిగేటప్పుడు మాత్రం నన్ను తిడుతుంది. మన కుట్టు షెడ్డు రేకులు మార్పించాను. స్కూలు యూనిఫారాల పని షురూ అయింది. ఆరు మిషన్లు నడుస్తున్నాయి, ఏడోది ఖాళీ.

ఉగాదికి వచ్చినప్పుడు మనం వాదులాడుకున్నాం. నువ్వు పనిచేసే వకీలు ఆఫీసుకు వచ్చే ఆడవాళ్ల సంగతులు చెప్పి, పనిచోట వివక్ష మీద గట్టి చట్టం ఉండాలన్నావు. "చట్టమెందుకు బిడ్డా, బజారే బుద్ధి చెప్తది. మంచి పనోళ్లను వద్దన్నోడి గిరాకీ పక్క దుకాణానికి పోతది" అన్నాను. నా నంబర్ల పద్ధతి చెప్పి గొప్పలు పోయాను. అది ఇంకా నడుస్తోందా అని ఉత్తరంలో అడిగావు.

నడుస్తోంది. పని అడగడానికి వచ్చినవాళ్లు తలా ఒక కాలరు కుడతారు. మీ అమ్మ వాటికి పేరు లేకుండా నంబరు చీటీలు గుచ్చి తెస్తుంది. నేను మనిషిని చూడను, కుట్టు చూస్తాను. మంచి చేతులు అట్లాగే దొరికాయి. అది అబద్ధం కాదు.

ఒకటి దాచాను. ఫోన్లో చెప్పబోయి అమ్మకు ఇచ్చేశాను. నువ్వు వెళ్లిన వారం ఐదుగురు వచ్చారు. నాలుగో నంబరు కాలరు లాంటిది నేను కూడా కుట్టలేను. బయటికి పోయి ఎవరిదని అడిగితే బన్సీలాల్‌పేట్ కాంతమణి లేచి నిలబడింది. కడుపుతో ఉంది, ఐదో నెల. యూనిఫారాల సీజను మధ్యలో ఈమె మానేస్తే ఎట్లా అనుకున్నాను. "నీ కుట్టు వదులుగ ఉన్నది" అన్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. మీ అమ్మ ఆ కాలరు తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయింది. కాంతమణి బదులు తీసుకున్న రెండో నంబరతను వారం చేసి మానేశాడు.

ఆమెను పక్క దుకాణం తీసుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. మొన్న గుండీలకు పోతే తెలిసింది, నాలుగు దుకాణాల వాళ్లూ కడుపు చూసి పంపించారని. అందులో ఒకతను నాతోనే "సదాశివన్నా, నువ్వే వద్దన్నంక మాకెందుకే" అన్నాడు.

నిన్న ఆ కాలరు జేబులో పెట్టుకుని ఆమె ఇంటికి పోయాను. చేత్తో చీరలకు ఫాల్ కుడుతోంది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. కుట్టు మంచిదేనని, నేను అబద్ధమాడానని చెప్పాను. కాలరు తీసుకుని రెండు చేతులా లాగి చూసింది. దారం కదలలేదు.

"ఎక్కడ వదులు సార్?"

"లేదమ్మా."

"మూడు వారాల సంది మిషన్ ముట్టలే. నా చెయ్యి పోయిందనుకున్న."

పనికి రమ్మన్నాను. వస్తానంది, కానీ ఒక షరతు పెట్టింది.

"కాన్పయి వచ్చినంక షెడ్డుల నా మిషన్ నాకే ఉండాలె. కాగితం మీద రాసియ్యండి."

"నా మాట చాలదా?"

"మొన్నటిది సుత మీ మాటే కద సార్."

మన ఏడు మిషన్ల షెడ్డుకు ఏ చట్టం వర్తిస్తుందో నాకు తెలియదు. ఆ కాగితం ఎట్లా రాయాలో కూడా తెలియదు. నువ్వు రాసి పంపు. రేపు వచ్చే ఇంకొకామెకు కూడా పనికొచ్చేటట్టు రాయి. ఎక్కడా వదులు లేకుండా రాయి. అందగానే సంతకం పెడతాను. అప్పటిదాకా ఏడో మిషన్ మీద ఎవరినీ కూర్చోనివ్వను.

ఇట్లు,
నీ కాగితం కోసం చూసే
నాన్న